రెండు భాషలు - మతిమరపు జబ్బు

మన చెన్నపట్నపు తెలుగు ఇళ్లలో వంటింట ఒక భాష, వీధిగుమ్మం దాటితే మరొక భాష. అరవం ఎప్పుడు నేర్చుకున్నామంటే చెప్పలేము; కూరలు బేరమాడుతూనే వచ్చేసింది. ఈ అలవాటుకూ, ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ వంటి మతిమరపు జబ్బులకూ సంబంధమున్నదంటే మొదట నవ్వు రావచ్చును.

హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే ఎరిగినవారికి సగటున 61 ఏండ్లకు జబ్బు తలచూపగా, రెండు భాషలవారికి 65 దాటిన పిదపగాని కనిపించలేదు. నాలుగున్నర ఏండ్ల తేడా! చదువురానివారిలోనూ ఇదే తీరు. మూడవ భాష వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం లేదట.

ఒక భాషలో మాట్లాడేటప్పుడు రెండవదానిని మెదడు అణచిపట్టాలి. జన్మంతా సాగే ఈ సాము వల్ల మెదడుకు కొంత నిలవబలం చేకూరుతుందని వారి ఊహ. జబ్బును ఆపదు, ఆలస్యం చేయవచ్చును, అంతే. ఇతర దేశాల పరిశోధనలు కొన్నింటిలో ఈ తేడా కానరాలేదు కూడా. (రెండు భాషలు వచ్చును గదా అని స్కూటరు మీద హెల్మెట్ మానరాదు సుమా! ఈ జబ్బుకు దోహదం చేసే కారణాల జాబితాలో తలకు తగిలే గట్టి దెబ్బలను లాన్సెట్ నిపుణుల సంఘం 2020లో చేర్చింది.)

ఇంకొక సంగతి. జబ్బు ముదిరిన కొందరిలో, తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి తల్లిభాష మిగులుతుంది. అప్పుడు బామ్మగారు మంచినీళ్లు తెలుగులోనే అడుగుతారు. అరవం, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన మనవడికి అది అర్థం కావాలి కదా!