పరీక్ష కొలిచేది మూర్ఛనా, బడి లేకపోవడాన్నా?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో మిరప కల్లంలో తాలు ఏరే మన ఆడవాళ్లను చూడండి. రంగు పోయిన కాయ పక్కకు తీయాలి, మంచికాయ పోకూడదు. మాటల్లో పడ్డా చూపు తప్పకూడదు. మేస్త్రి వచ్చి 'మచ్చ ఉన్నవి కూడా తీసెయ్యండి' అనగానే చేతులు కొత్త లెక్కకు మారిపోవాలి. చెప్పింది గుర్తుంచుకోవడం, తొందరపడకుండా ఆపుకోవడం, పద్ధతి మార్చుకోవడం: మెదడు చేసే ఈ అజమాయిషీనే డాక్టర్లు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు.

మూర్ఛ ఉన్నవారిలో చాలామందికి ఇది కొంత దెబ్బతింటుంది. ఫిట్స్ మెదడు ముందు భాగంలో మొదలైతే మరీ ఎక్కువ. మందుల వల్లా తగ్గవచ్చు. చవకగా దొరికే ఫినోబార్బిటాల్ ఆలోచనను మందగింపజేస్తుంది, టోపిరమేట్ వేసుకునే కొందరికి మాట వెంటనే తట్టదు. నిద్రలేమి, దిగులు కూడా తోడవుతాయి. మాత్ర వేసుకోవడం మరిచిపోయిన రోగిని 'మీకు శ్రద్ధ లేదు' అని కసురుతుంటారు. వేళకు గుర్తు రావడం కూడా ఈ అజమాయిషీలో భాగమే. జబ్బు లక్షణానికే తిట్లు పడుతున్నాయన్నమాట.

మరి దీన్ని కొలిచేదెలా? 2005లో జర్మనీ పరిశోధకులు లుట్జ్, హెల్మ్‌స్టెడ్టర్ ప్రచురించిన ఎపిట్రాక్ పరీక్ష పావుగంటలో అయిపోతుంది. మూర్ఛ మందులు శ్రద్ధనూ ఈ అజమాయిషీనీ ఎంత తగ్గిస్తున్నాయో పట్టుకోవడానికే దాన్ని తయారు చేశారు. అంకెను, అక్షరాన్ని మార్చి మార్చి గీతతో కలపాలి. చెప్పిన అంకెలు వెనక నుంచి అప్పజెప్పాలి. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు గబగబా చెప్పాలి. కాగితం మీద చిక్కుదారి గీయాలి.

చిక్కంతా ఇక్కడే. పలక పట్టని మనిషికి 'క'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే ఏం చెబుతుంది? మాటను అక్షరాలుగా విడదీయడం బడి నేర్పే విద్య. పెన్సిల్ పట్టడమూ అంతే. తరాల తరబడి బడి గడప తొక్కనివ్వని కులాల మనిషికి తక్కువ మార్కులు వస్తే, ఆ లోటును మెదడు ఖాతాలో రాస్తారా, ఊరి ఖాతాలో రాస్తారా?

దీనికి దారి లేకపోలేదు. బెంగళూరు నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల సంపుటిలో చదువు రాని వారికి, బడి చదువు ఉన్నవారికి, కాలేజీ చదివిన వారికి వేర్వేరు ప్రమాణాలున్నాయి. అందులో అక్షరాల బదులు రంగులు వాడే పరీక్ష ఉంది, జంతువుల పేర్లు చెప్పమనేదీ ఉంది. ఐసీఎంఆర్ తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షలు తయారు చేయించింది గానీ, అవి ప్రధానంగా మతిమరుపు జబ్బు కోసం. వాటినే మూర్ఛ రోగికి కొలబద్దగా వాడేముందు ఆలోచించాలి.

ఇంకో సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో మూర్ఛ లేదు. మూర్ఛ ఉందన్న ఒక్క కారణంతో సర్టిఫికెట్ రాదు. అందుకే బుద్ధికి కలిగిన నష్టాన్ని సరిగ్గా కొలిచి రాసిన కాగితం విలువైనది. తప్పుగా కొలిస్తే 'మందబుద్ధి' అన్న ముద్ర పడుతుంది, లేదంటే 'బాగానే ఉన్నారు' అని ఇంటికి పంపేస్తారు.

కార్యకర్తలూ, విద్యార్థులూ రోగితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు కొన్ని అడగండి. పరీక్ష తెలుగులో పెట్టారా? ఏ చదువు వారి ప్రమాణంతో పోల్చారు? ఎంతవరకు చదివారో రిపోర్టులో రాశారా? ఫిట్స్ వచ్చిన మర్నాడే కూర్చోబెట్టకుండా తేరుకున్నాక పెట్టమనండి. ఇంట్లో వంట, డబ్బు లెక్క, పొలం పని ఎలా సాగుతున్నాయో కూడా నమోదు చేయించండి. మందు మార్చే ముందు ఒకసారి, మార్చి కొన్ని నెలలయ్యాక ఇంకోసారి పరీక్షిస్తే తప్పు మందుదో జబ్బుదో కొంతైనా తేలుతుంది. ఈలోగా ఎవరి మాటా విని మాత్రలు ఉన్నపళాన ఆపనివ్వకండి. అలా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణానికే ముప్పు.