రోజూ వింటాం... మరి ఇస్తున్నామా?

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసుకు వెళ్తూ కార్లో పబ్లిక్ రేడియో పెట్టేవాడిని. లాభాపేక్ష లేని స్టేషన్. అరుపుల్లేని వార్తలు, ఓపిగ్గా సాగే ఇంటర్వ్యూలు. అప్పుడప్పుడూ 'మీకు తోచినంత ఇవ్వండి' అని అడిగేవారు. వెంటనే స్టేషన్ మార్చేసేవాడిని! నా ఒక్కడి పది డాలర్లతో ఏమవుతుందిలే అనుకునేవాడిని.

2025 జులైలో నా లెక్క తప్పని తెలిసింది. పబ్లిక్ రేడియో, టీవీలకు రెండేళ్లకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది. పెద్ద నగరాల స్టేషన్లకు దాతలు, స్పాన్సర్లు ఉంటారు. అలాస్కా పల్లెల్లో అలా కాదు. అక్కడి కొన్ని స్టేషన్ల బడ్జెట్‌లో అప్పటిదాకా సగానికి పైగా ఈ డబ్బే ఉండేది. ఊరి వార్తైనా, ప్రమాద హెచ్చరికైనా జనం వినేది వాటిలోనే.

ఓటీటీకి నెలనెలా కడతాం, కట్టకపోతే ఆగిపోతుంది కాబట్టి. రేడియో కట్టకపోయినా వినిపిస్తుంది. మన బద్ధకమంతా అక్కడే! పైగా శ్రోతల డబ్బుతో నడిచే స్టేషన్‌కు ప్రభుత్వం మొహమో, ప్రకటనదారు మొహమో చూసి మాట్లాడే అవసరం తక్కువ.

ఇప్పుడు నేను నెలకు పది డాలర్లు ఇస్తున్నా. మీరూ రోజూ వినే స్టేషన్ ఉంటే, కొంచెమైనా నెలనెలా ఇవ్వండి. వచ్చే నెల జీతాలకు ఎంత ఉందో వాళ్లకు ముందే తెలుస్తుంది.