మీకు తెలుసా? తల్లి తిన్న ఇనుము పందిపిల్లకు పెద్దగా అందదు!

చూడి పందికి దాణాలో ఐరన్ ఎంత కలిపినా పిల్లలకు చేరేది బహు స్వల్పం. మాయ దాటేదీ తక్కువే, పాలలోకి దిగేదీ తక్కువే. పుట్టిన పిల్ల ఒంట్లో ఉండే ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములు. రోజుకు 7 నుంచి 10 మిల్లీగ్రాములు కావాలి. తల్లిపాలలో దొరికేది ఒక్క మిల్లీగ్రాము! పైగా వారం తిరిగేసరికి పిల్ల బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఇక రక్తం ఎలా పడుతుంది? చెవులు, ముట్టె పాలిపోతాయి. నాలుగడుగులు పరిగెత్తితే చాలు, ఒగరుస్తుంది.

ఆరుబయట తిరిగే పందుల పిల్లల్లో ఈ రక్తహీనత అరుదు. పుట్టిన కొద్ది రోజులకే అవి ముట్టెతో నేల కుమ్ముతాయి, ఆ మట్టిలోనే వాటికి ఇనుము దొరుకుతుంది. సిమెంటు గచ్చు వేసి ఆ దారి మూసింది మనమే. అందుకే మూడో రోజు ప్రాంతంలో 200 మిల్లీగ్రాముల ఐరన్ సూది వేస్తారు. ఆ సూదిలో ఉండే ఐరన్ డెక్స్‌ట్రాన్ 1950లలో వాడుకలోకి వచ్చింది.

అలాగని తల్లి మేత మీద పెట్టే ఖర్చు దండగ అనుకోకండి. విటమిన్ ఇ కూడా మాయను అంతగా దాటదు కానీ, ముర్రుపాలలోకి బాగా దిగుతుంది. సెలీనియం మాయ గుండానూ, పాల గుండానూ వెళ్తుంది. ఈ రెండూ కొరవడిన పిల్లకు ఐరన్ సూది వేస్తే, బతికించాల్సిన ఆ మందే దాని ప్రాణం తీయగలదు! అంటే పిల్లకు వేసే సూది భద్రంగా ఉండాలంటే జాగ్రత్త తల్లి దాణా దగ్గరే మొదలవ్వాలి. ఈ సంగతి పెంపకందారులందరికీ తెలిసి తీరాలి.

రోగనిరోధక శక్తి సంగతీ అంతే. పందిలో యాంటీబాడీలు మాయ దాటవు. పిల్లకు వాటిని ఇచ్చేవి ముర్రుపాలే. ఒక రోజు గడిచాక పేగు వాటిని లోపలికి రానివ్వదు. కాబట్టి బక్క పిల్లలను ముందుగా పొదుగుకు పట్టించాలి.

మన దగ్గర హోటళ్ల మిగులు మీదే పందులను సాకేవాళ్లు చాలామంది. అందులోని ముక్కిపోయిన నూనె విటమిన్ ఇని నాశనం చేస్తుంది. ఈత దగ్గరపడ్డ పందికి అది పెట్టకండి. ఇక దాణాలో కలిపే సెలీనియం మోతాదు మించితే విషం, పశువైద్యుడు చెప్పిన లెక్క దాటొద్దు.