కంప్యూటరుకు నీటి కూలరు

కాగితాన్ని దొన్నెగా మడిచి, అందులో సగానికి నీళ్లు పోసి, కొవ్వొత్తి మంట మీద పట్టుకొంటే కాగితం అంటుకోదు. నీళ్లు వేడెక్కుతవి, ఓపిక పడితే మరుగుతవి కూడా. దొన్నె మాత్రం చెక్కుచెదరదు. మంట ఇచ్చిన వేడిని కాగితం తనలో నిలుపుకోకుండా వెంటనే నీటికి అప్పగించటమే ఇందుకు కారణం. నీళ్లు 100 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర మరిగిపోతవి. కాగితం అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటాలి. తరగతిలో ఈ ప్రయోగం చూసిన విద్యార్థికి, కంప్యూటరు ప్రాసెసరును ద్రవంతో చల్లబరచే పద్ధతి సగం తెలిసినట్లే. మిగిలిన సగం ఏమిటంటే, ఆ నీళ్లు తీసుకొన్న వేడిని ఎక్కడ దించుకొంటవి అన్నది. కూలరు కొనేవారు పొరపడేది ఈ రెండవ సగంలోనే.

ప్రాసెసరు చేసే పనంతా విద్యుత్తుతో జరుగుతుంది. ఒక యంత్రం విద్యుత్తు తీసుకొంటే అందులో కొంత కదలికగా, కొంత వెలుతురుగా మారటం మనకు అలవాటు. ప్రాసెసరులో కదిలేదీ లేదు, వెలిగేదీ లేదు. తీసుకొన్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే తేలుతుంది. 2023లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ9-14900కె అనే ప్రాసెసరు పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు 253 వాట్ల వరకు తీసుకోవచ్చునని దాని తయారీదారులే ప్రకటించారు. అందులోని సిలికాన్ బిళ్ల వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరు ఒక్కంటికి 100 వాట్లు. ఇంట్లోని ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తీసుకొన్నా, దాని అడుగుపలక 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకొంటే, చదరపు సెంటీమీటరుకు వచ్చేది 5 వాట్లే. బట్టలను మాడ్చగల పెట్టె కంటె ఇరవై రెట్ల ఒత్తిడితో వేడి పుట్టే చోటును 100 డిగ్రీలకు లోబడి ఉంచాలి. అది దాటబోతే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది; అప్పటికీ ఆగకపోతే యంత్రం ఆగిపోతుంది. కాలిపోతుందన్న భయం ఈనాటి ప్రాసెసర్ల విషయంలో అంతగా అక్కరలేదు. డబ్బుపెట్టి కొన్న వేగం దక్కకపోవటమే అసలు నష్టం.

ద్రవపు కూలరులో నాలుగు భాగాలు ఉంటవి. ప్రాసెసరు మీద అదిమి బిగించే రాగి పలక ఒకటి. దాని లోపలి వైపు వెంట్రుకలంత సన్నని చాళ్లు చెక్కి ఉంటవి. ద్రవం వాటిగుండా పారుతుంది. పలక మీదనే చాలా నమూనాలలో చిన్న పంపు అమర్చి ఉంటుంది. రెండు రబ్బరు గొట్టాలు ద్రవాన్ని రేడియేటరుకు తీసుకొనిపోయి తిరిగి తెస్తవి. రేడియేటరుకు ఫ్యాన్లు బిగించి ఉంటవి. లారీ ముందుభాగంలో ఉండే అమరికే ఇది, చిన్నదైనది. కంప్యూటర్లకు కూడా కొత్త కాదు. 1980లో ఐ.బి.ఎం. ప్రకటించిన 3081 అనే పెద్ద యంత్రం నీటితోనే చల్లబడేది; 1985 నాటి క్రే-2 యంత్రంలోనైతే విద్యుత్తు ప్రవహించనివ్వని ఒక ద్రవంలో పలకలన్నిటినీ ముంచివేశారు. ఇప్పుడు దుకాణాలలో దొరికేది ద్రవం నింపి మూసివేసిన కూలరు. దానిని కొన్నవారు నీళ్లు పోయవలసిన పని ఉండదు.

నీటినే ఎందుకు ఎంచుకొన్నారన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయటానికి 4186 జౌళ్లు కావాలి. అదే ఘనపరిమాణం గల గాలితో పోలిస్తే నీరు సుమారు 3500 రెట్లు వేడిని మోయగలదు. నిమిషానికి ఒక లీటరు నీరు పారుతున్నదనుకొని, ప్రాసెసరు 250 వాట్ల వేడిని ఇస్తున్నదనుకొందాం. నిమిషంలో వెలువడే వేడి 15,000 జౌళ్లు. దానిని 4186తో భాగిస్తే వచ్చేది 3.6 డిగ్రీలు. పలకలోకి పోయే నీటికీ, బయటకు వచ్చే నీటికీ తేడా ఇంతే. ద్రవంలో తుప్పు పట్టకుండా కలిపే గ్లైకాలు వంటి పదార్థాల వలన ఈ అంకె కొద్దిగా మారుతుంది గాని తలక్రిందులు కాదు. పంపు వేగాన్ని రెట్టింపు చేసినా మిగిలేది రెండు డిగ్రీల లోపే. కనుక పంపు నిమిషానికి ఎన్ని వేల చుట్లు తిరుగుతుందని పెట్టె మీద వేసే ప్రకటనను చూసి ఎక్కువ ధర ఇవ్వవలసిన పని లేదు.

రేడియేటరు అన్న పేరు కొంత మోసపుచ్చేదే. వికిరణం వలన దాని నుండి పోయే వేడి బహు స్వల్పం. గదికంటె పది డిగ్రీలు వేడిగా ఉన్న పెద్ద రేడియేటరు కూడా వికిరణం ద్వారా పంపగలిగేది 5, 6 వాట్లకు మించదు. మిగిలినదంతా ఫ్యాన్లు తోసే గాలే మోసుకొనిపోతుంది. అందుచేత రేడియేటరు ముఖవైశాల్యం ముఖ్యం. మార్కెట్టులో 240, 280, 360, 420 మిల్లీమీటర్ల పేర్లతో ఇవి దొరుకుతవి. ఈ అంకెలు పొడవును మాత్రమే చెబుతవి, వెడల్పు వేరు. 240, 360 అనే వాటిలో ఒక్కొక్క ఫ్యాను 120 మిల్లీమీటర్లది. 280, 420 అనే వాటిలో 140 మిల్లీమీటర్లది. గుణించి చూస్తే 240 దానికి 288 చదరపు సెంటీమీటర్లు, 280 దానికి 392, 360 దానికి 432, 420 దానికి 588 వస్తవి. పేరులో 240కి దగ్గరగా కనిపించే 280, వైశాల్యంలో 360కి దగ్గర. పెట్టెలో 360 పట్టదని విచారించేవారు ఈ సంగతి గమనించటం లేదు.

ఇక చల్లదనం అన్న మాట. వేసవిలో కూజానీళ్లు గదిలోని గాలికంటె చల్లగా ఉంటవి. కూజా పైకి చెమ్మగిల్లిన నీరు ఆవిరై పోతూ, ఆవిరి కావటానికి కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి నీటి నుండే తీసుకొంటుంది. నీటి కూలరు కూడా ఇట్లాగే చల్లబరుస్తుందని చాలమంది నమ్మకం. కాని అది మూసి ఉన్న వలయం. అందులోని నీరు బయటకు ఆవిరి కాదు. కాబట్టి ఎంత విలువైనదైనా దానిలోని ద్రవం గది ఉష్ణోగ్రతకు దిగువకు పోలేదు. అందువలన దాని మీద తేమ చేరి నీటిబొట్లు రాలుతవన్న భయమూ లేదు. అయితే దీనిలో మనకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. శీతల దేశాలలో 21, 22 డిగ్రీల గదిలో కూలర్లను పరీక్షించి ప్రకటించిన అంకెలను చదివి, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మేడమీద గదిలో అదే ఫలితం ఆశించటం తప్పు. గది 40 డిగ్రీలుంటే పరీక్షలో వచ్చిన ప్రతి అంకెకూ మరొక 18 కలుపుకోవాలి. పరీక్షలో ప్రాసెసరు 80 డిగ్రీలున్నదంటే ఇక్కడ 98 అన్నమాట. మన ఎండలకు కూలరు ఎంచుకోవటమంటే ఈ కూడిక చేసుకోవటమే.

వేడి ప్రాసెసరు నుండి గాలికి ఒక్క అంగలో పోదు. సిలికాను నుండి ప్రాసెసరు లోహపు మూతకు, అక్కడ నుండి పూత ద్వారా రాగి పలకకు, పలక నుండి నీటికి, నీటి నుండి గాలికి మెట్లు దిగుతూ పోతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని డిగ్రీలు ఖర్చవుతవి. లెక్క కోసం, నీరు గదికంటె 10 డిగ్రీలు, సిలికాను నీటికంటె 45 డిగ్రీలు వేడిగా ఉన్నవనుకొందాం. రేడియేటరును రెట్టింపు చేస్తే ఆ 10 కాస్తా 5 అవుతుంది. 45 అట్లాగే నిలిచి ఉంటుంది. రెట్టింపు ఖర్చుకు దక్కేది 5 డిగ్రీలు! సిలికాను ముక్కలు చిన్నవైన కొద్దీ ఆ పై మెట్టు మరీ నిటారవుతుంది. 2022లో వచ్చిన ఎ.ఎం.డి. రైజెన్ 9 7950ఎక్స్‌లో వేడి పుట్టే ముక్క ఒక్కొక్కటి ముప్పాతిక చదరపు సెంటీమీటరు కూడా లేదు. నిండు పనిలో 95 డిగ్రీల దగ్గర పనిచేసేటట్లుగానే దానిని రూపొందించారు. అక్కడ 95 కనిపించినంత మాత్రాన కూలరు చెడిపోయిందని అనుకోరాదు.

ఎంపికకు మొదట చూడవలసింది ప్రాసెసరు తీసుకొనే గరిష్ఠ విద్యుత్తు. పెట్టె మీది అంకె ఒక్కటే చాలదు. 65 వాట్లని పేర్కొనే రైజెన్ 5 7600 నిజానికి 88 వాట్ల వరకు పోతుంది. 125 వాట్లని చెప్పే ఐ9, పైన చూచినట్లు, 253కు చేరుతుంది. రెండవది, ఆ స్థితి ఎంతసేపు ఉంటుందన్నది. కూలరులో పావు లీటరు ద్రవం ఉన్నదనుకొంటే, అది 250 వాట్ల వేడిని ఏమీ వదలకుండా మింగినా 10 డిగ్రీలు పెరగటానికి నలభై సెకన్లు పైగా పడుతుంది. కొన్ని సెకన్ల పాటు వచ్చి పోయే పనులను నీరు సులభంగా ఓర్చుకొంటుంది. గంటల తరబడి చిత్రాలు తయారుచేసే యంత్రంలో మాత్రం ఈ ఓర్పు అక్కరకు రాదు. అక్కడ రేడియేటరు వైశాల్యమే దిక్కు.

ఇంజనీరింగులో చేరిన కుర్రవాడొకడు తండ్రిచేత కంప్యూటరు కొనిపించుకొంటున్నాడనుకొందాం. అతడు కార్యక్రమాలు రాసుకొంటాడు, సాయంత్రం కొంతసేపు ఆడుకొంటాడు. 88 వాట్ల ప్రాసెసరు అతనికి చాలు. దానితో పాటు పెట్టెలోనే గాలి కూలరు వస్తుంది. అది చప్పుడు చేస్తున్నదనిపిస్తే కొంచెం పెద్దది బిగించుకోవచ్చు. నీటి కూలరుకు పోసే సొమ్ముతో జ్ఞాపకశక్తిని రెట్టింపు చేసుకొంటే అతని చదువుకు ఎక్కువ ఉపయోగం. అద్దపు పెట్టెలో రంగుదీపాలు వెలిగే పంపు చూడటానికి ముచ్చటగా ఉండే మాట నిజమే. దాని ఖరీదు వేడి లెక్కలోకి రాదు.

గాలి కూలరు అని మనం పిలిచే దానిలోనూ నీరు ఉన్నదంటే చాలమంది ఆశ్చర్యపోతారు. దాని రాగి గొట్టాలలో గాలి తీసివేసి, కొద్దిపాటి నీరు వేసి మూసి ఉంచుతారు. పీడనం తక్కువ గనుక ఆ నీరు 40, 50 డిగ్రీలకే మరిగి, ఆవిరిగా పైకి పోయి, రెక్కల దగ్గర వేడిని వదలి మళ్లీ నీరై, గొట్టం లోపలి వత్తివంటి పొరగుండా క్రిందికి చేరుతుంది. ఇందులో పంపు లేదు, చెడిపోయేదీ లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలామోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ ఈ గొట్టాన్ని రూపొందించాడు. ఇట్టి గొట్టాలు ఆరేడు గల పెద్ద గాలి కూలరు 200 వాట్ల చుట్టుప్రక్కల వేడిని చక్కగా మోయగలదు. కాని అది కిలోగ్రాము పైగా బరువుంటుంది, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పెట్టె వెడల్పు చాలకపోయినా, యంత్రాన్ని తరచు ఒకచోటు నుండి మరొక చోటికి మోస్తున్నా నీటి కూలరుదే పైచేయి. 250 వాట్ల ప్రాసెసరుతో దీర్ఘమైన పనులు చేసేవారికి కూడా 360 లేక 420 రేడియేటరు తగినదే.

కొనబోయే ముందు ఖర్చులేని ఉపాయం ఒకటి చూడవచ్చు. ప్రాసెసరులో పుట్టే వేడి దాని వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. వేగాన్ని నూటికి పది తగ్గించి, వోల్టేజిని కూడా నూటికి పది తగ్గించగలిగితే, 0.9ను మూడుసార్లు గుణించగా 0.73 వస్తుంది. పదోవంతు వేగం వదులుకొంటే నాలుగోవంతుకు పైగా వేడి పోయింది. యంత్రపు ప్రారంభ అమరికలలో విద్యుత్తు పరిమితి తగ్గించుకొనే వీలు చాలా ప్రాసెసర్లకు ఉన్నది. ఎండాకాలం మూడు నెలలు ఇట్లా నడుపుకొని, వర్షాలు పడగానే మామూలు స్థితికి తెచ్చుకోవటం తెలివైన పని.

నీటి కూలరే కావాలనుకొన్నవారు బిగించే తీరు కూడా తెలుసుకోవాలి. రబ్బరు గొట్టాలగుండా నీటి ఆవిరి అతి మెల్లగా బయటకు పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపల గాలిబుడగ పెరుగుతుంది. బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికే పోతుంది గనుక ఆ చోటు పంపు కారాదు. రేడియేటరును పెట్టె పైకప్పుకు బిగిస్తే బుడగ అందులోనే ఉండిపోతుంది, చిక్కులేదు. ముందు వైపు బిగిస్తే రేడియేటరు పై అంచు పంపుకంటె ఎత్తున ఉండాలి; గొట్టాలు వచ్చే కొస క్రిందికి ఉంటే మరీ మంచిది. రేడియేటరును అడుగున పెట్టి పంపును పైన ఉంచితే పంపు గాలిని నములుతూ గలగలమని మోగుతుంది, త్వరలో పాడవుతుంది కూడా. గాలి కూలరులో ఫ్యాను ఆగినా రెక్కలు కొంత వేడిని వదులుతూనే ఉంటవి; పంపు ఆగితే నీటి కూలరు దాదాపు పనికిరానిదవుతుంది. ద్రవం కారటం అరుదు, కాని కారితే క్రింద ఉన్న విలువైన పలకల మీదనే పడుతుంది. అందుచేత ఎన్నేళ్ల హామీ ఇస్తున్నారో, కారి ఇతర భాగాలు చెడితే ఆ హామీ వర్తిస్తుందో లేదో కొనేనాడే చదువుకోవాలి.

తమ ప్రాసెసరు కూర్చునే సాకెట్టుకు తగిన బిగింపులు పెట్టెలో ఉన్నవో లేవో ముందుగా చూసుకోవాలి. పూతను చాలినంతే వేసి, నాలుగు మరలను ఒక్కొక్కటిగా పూర్తిగా కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. అంతకు ముందే రాగి పలక అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను ఊడదీయాలి. కొత్త కూలరు తెచ్చి, మొదటిరోజే ప్రాసెసరు వేడెక్కిపోతున్నదని దుకాణానికి పరుగెత్తేవారిలో కొందరి పలకలకు ఆ పొర ఇంకా అంటుకొనే ఉంటుంది.