యౌవనానికి తలుపు తెరిచే కిస్‌పెప్టిన్

యౌవనం ఎప్పుడు ఆరంభం కావాలో శరీరానికి ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు సమాధానం అనుకోకుండా క్యాన్సరు పరిశోధన నుండి లభించింది.

1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో, మెలనోమా అనే చర్మపు క్యాన్సరు ఇతర అవయవాలకు వ్యాపించకుండా అడ్డుకొనే జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ ఊరికి పేరు తెచ్చిన 'కిసెస్' చాక్లెట్లను తలచుకొని దానికి 'కిస్-1' అని నామకరణం చేశారు. ఆ జన్యువు వలన తయారయ్యే కిస్‌పెప్టిన్‌ను 2001లో జపాను శాస్త్రజ్ఞులు మానవుల మావి నుండి వేరుచేశారు.

మావి కణాలు క్యాన్సరు కణాలవలెనే గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోతాయి; కాని హద్దు మీరవు. వాటిని అదుపులో ఉంచే పదార్థాలలో కిస్‌పెప్టిన్ ఒకటని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదుపు తప్పిన మావి కణాల క్యాన్సరే కోరియోకార్సినోమా. 1956లో దానిని లొంగదీసిన మెథోట్రెక్సేట్, భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుండి వెలువడినదే.

2003లో ఫ్రాన్సు, అమెరికా శాస్త్రజ్ఞులు, కిస్‌పెప్టిన్‌ను అందుకొనే గ్రాహకం లోపించినవారిలో యౌవనం సహజంగా ఆరంభం కాదని కనుగొన్నారు. మెదడులో ఈ హార్మోను తట్టి లేపితేనే పీయూష గ్రంథి, దాని ద్వారా అండాశయాలు, వృషణాలు పనికి ఉపక్రమిస్తాయి. 2014లో లండన్ వైద్యులు సంతానలేమి చికిత్సలో దీనితో అండాలను పక్వం చేయించగా ఆరోగ్యవంతులైన శిశువులు జన్మించారు.

అయితే ఈ చికిత్స ఇంకను పరిశోధన దశలోనే ఉన్నది. యాంగోన్‌లోనైనా, ఆంధ్రదేశంలోనైనా, ఆడపిల్ల రజస్వల కావడం, మగపిల్లవాని గొంతు మారడం మరీ ఆలస్యమైతే అది దోషం కాదు. దాచక వైద్యునికి చూపవలసిన విషయం.