భూకంపానికి చంద్రుడు ముహూర్తం పెడతాడా?

2025 ఏప్రిల్ రెండో వారంలో మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఒకటే మాట. రామగుండం దగ్గర పెద్ద భూకంపం రాబోతోందని, దాని దెబ్బ హైదరాబాద్, వరంగల్, అమరావతి దాకా తగులుతుందని ఫోన్లలో ఒక కబురు తిరిగింది. అమీన్‌పూర్‌లో మా వీధిలోనే ఒక కుటుంబం రెండు రాత్రులు పిల్లలతో సహా మేడ దిగి ఖాళీ ప్లాటులో పడుకుంది. ఆ వారం గడిచింది. పెద్ద భూకంపమేదీ రాలేదు. మే 5 సాయంత్రం కరీంనగర్ ప్రాంతంలో 3.8 తీవ్రతతో భూమి స్వల్పంగా అదిరింది. ఇంకేం, "చూశారా, చెప్పినట్టే జరిగింది" అన్న మాట మళ్లీ బయలుదేరింది. ఫలానా వారం అని చెప్పింది మూడు వారాలు దాటాక, పెద్దదని చెప్పింది చిన్నదై వచ్చినా నిజమే అనిపించుకుంటే ఇక అబద్ధమయ్యే జోస్యం ఏముంటుంది?

ఇలాంటి కబుర్ల వెంట ఎప్పుడూ ఒక జాబితా కూడా వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే అందులోని తేదీలు నిజమైనవే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చి పది వేల మంది దాకా మరణించారు. ఆ రోజు పౌర్ణమి. 2001 జనవరి 26న భుజ్‌లో వచ్చింది, అమావాస్య దాటి రెండు రోజులు. 2004 డిసెంబరు 26న మన కోస్తాను కూడా ముంచిన సునామీకి కారణమైన సుమత్రా భూకంపం పౌర్ణమి నాడే. 2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియాలను కూల్చిన భూకంపం పౌర్ణమి మరునాడు. ఇక 2025 మార్చి 28. రంజాన్ నెల చివరి జుమా. మయన్మార్‌లో మధ్యాహ్నం నమాజుకు జనం చేరిన వేళ 7.7 తీవ్రతతో భూమి కదిలింది. సగాయింగ్, మాండలేలలో పాత ఇటుక మసీదులు సజ్దాలో ఉన్నవారి మీదే కూలాయి. మరునాడు అమావాస్య, పైగా సూర్యగ్రహణం.

ఇన్ని కలిసొస్తే చంద్రుడికీ భూకంపానికీ ఏదో ముడి ఉందని మామూలు మనిషి అనుకోవడంలో తప్పు లేదు. కొంత ముడి ఉంది కూడా.

చంద్రుడు సముద్రాన్ని లాగుతాడన్నది కొత్త సంగతి కాదు. వెయ్యేళ్ల కిందట అల్‌బిరూనీ తన కితాబుల్ హింద్‌లో సోమనాథ్ తీరంలో సముద్రం పొంగి తగ్గడం గురించి రాస్తూ దాన్ని చంద్రుడి రాకపోకలతోనే ముడిపెట్టాడు. మనలో చాలామందికి తెలియనిది మరొకటి. నీళ్లనే కాదు, చంద్రుడు, సూర్యుడు కలిసి గట్టి నేలను కూడా లాగుతారు. మన ఇల్లు, మసీదు మినారు, అమీన్‌పూర్ పెద్ద చెరువు కట్ట, పక్కనున్న నల్లబండలు అన్నీ రోజుకు రెండుసార్లు సుమారు ఒక అడుగు లేచి దిగుతుంటాయి. అంతా కలిసే లేచి దిగుతుంది కాబట్టి మనకు తెలియదు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో పడుతుంది కనుక అది మరింత ఎక్కువ.

అయితే ఆ లాగుడు వల్ల రాతి మీద పడే ఒత్తిడి ఎంత? భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడిలో సుమారు వెయ్యో వంతు. పండి తొడిమ వదలబోతున్న మామిడిపండు చిన్న గాలికే రాలుతుంది. అదే గాలి పచ్చికాయను రాల్చలేదు, కాయను పండించనూ లేదు. పండించే పని వేరే చోట జరుగుతోంది. మన దేశం ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి నెట్టుకుంటూ పోతోంది. ఆ ఒత్తిడి వందల, వేల ఏళ్లపాటు రాళ్లలో పేరుకుంటుంది. ఒక పగులు ఇవాళో రేపో జారడానికి సిద్ధంగా ఉంటే చంద్రుడి లాగుడు దాన్ని కొన్ని గంటలు ముందుకు జరపవచ్చు. సముద్రపు అడుగున కొన్ని రకాల పగుళ్ల విషయంలో ఇది కనిపించిందని 2004లోనూ, పెద్ద భూకంపాల్లో ఇలాంటి ఛాయ కొద్దిగా ఉందని 2016లోనూ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ అధ్యయనాలు చెప్పింది అంతవరకే. ఏ ఊళ్లో, ఏ రోజు, ఎంత అన్నది వాటి నుంచి తేల్చడం కుదరదు.

ఇప్పుడు ఆ జాబితా దగ్గరికి మళ్లీ వద్దాం. అమావాస్యకు అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు. పౌర్ణమికీ అంతే. ఆ రెండు తిథులతో కలిపి లెక్కపెట్టండి, పద్నాలుగు రోజులు. చాంద్రమాసంలో దాదాపు సగం! నాణెం ఎగరేస్తే సగంసార్లు బొమ్మ పడుతుంది, ఆ బొమ్మ పడినప్పుడల్లా రాసుకుంటే జాబితా పెరుగుతూనే ఉంటుంది. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చి హైదరాబాద్ దాకా తెలిసిన భూకంపాన్ని కూడా ఇలాగే చేర్చేయవచ్చు, అమావాస్య దాటి అప్పటికి మూడు రోజులు.

జాబితాలో చోటు దొరకనివి ఏమిటో అడగాలి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో దాదాపు తొమ్మిది వేల మందిని బలిగొన్న భూకంపం సరిగ్గా అర్ధచంద్రుడి రోజున వచ్చింది. అంటే సూర్యచంద్రుల లాగుడు ఒకదానికొకటి అడ్డుపడి బలహీనంగా ఉండే రోజు. 2011 మార్చి 11 నాటి జపాన్ మహాభూకంపం అర్ధచంద్రుడికి ముందు రోజు. 1967 డిసెంబరు 11 నాటి కొయినా భూకంపం అర్ధచంద్రుడు దాటి రెండు రోజులకు. 2005 అక్టోబరు 8న, రంజాన్ మొదటి వారంలో, కశ్మీర్‌లో బడిపిల్లలతో సహా డెబ్బై వేల మందికి పైగా పోయారు, అమావాస్య గడిచి అప్పటికి అయిదు రోజులు. వీటిని ఎవరూ ఫోన్లో పంపరు.

ఒకరిద్దరి జ్ఞాపకం మీద కాకుండా అన్నీ కలిపి లెక్క చూసినవారూ ఉన్నారు. అమెరికా శాస్త్రవేత్త సూసన్ హఫ్ గత నాలుగు శతాబ్దాల్లో వచ్చిన 8 తీవ్రతకు మించిన 204 భూకంపాల తేదీలను చాంద్రమాసంతో పోల్చి చూశారు. మహాభూకంపాలు ఏడాదిలో గానీ చంద్రుడి కళల్లో గానీ కొన్ని రోజులనే ఎంచుకుని వస్తాయా అన్నది 2018లో వెలువడిన ఆ వ్యాసం శీర్షిక. వ్యాసానికి సారాంశంగా ఆమె రాసింది ఒకే ఒక మాట: లేదు. పరీక్షల్లో మా విద్యార్థులు ఇంత క్లుప్తంగా రాస్తే మార్కులు వేయను గానీ, ఆమెకు మాత్రం వేయాల్సిందే.

చంద్రుడి సంగతే ఇలా ఉంటే గురుడు, శని, శుక్రుల మాటేమిటి? ఇక్కడ లెక్క మరీ సులువు. ఈ లాగుడు దూరంతో పాటు చాలా వేగంగా తగ్గుతుంది: దూరం రెట్టింపైతే ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గురుగ్రహం చంద్రుడికన్నా పాతికవేల రెట్లు బరువైనదే. కానీ మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా చంద్రుడికన్నా పదిహేను వందల రెట్లు దూరంలో ఉంటుంది. పదిహేను వందలను మూడుసార్లు వేసి గుణిస్తే మూడు వందల కోట్లు దాటుతుంది. చివరికి భూమి మీద గురుడి లాగుడు చంద్రుడిదానిలో లక్షో వంతు కూడా ఉండదు. మనకు అందరికన్నా దగ్గరికి వచ్చే శుక్రుడిది పదివేలో వంతు కూడా కాదు. అన్నీ ఒకే వరసలోకి వచ్చినా ఈ లెక్క మారదు.

అయినా గ్రహాలు కలిసిన ప్రతిసారీ జనం వణికారు. ఫార్సీ చదువుకున్నవారికి అన్వరీ పేరు తెలిసే ఉంటుంది. సుల్తాన్ సంజర్ ఆస్థానంలో పేరు తెచ్చుకున్న ఈ కవికి నక్షత్రశాస్త్రమూ వచ్చు. హిజ్రీ 582లో, అంటే 1186లో, గ్రహాలన్నీ తులారాశిలో చేరబోతున్నాయని, భయంకరమైన గాలి వచ్చి ఊళ్లు నేలమట్టమవుతాయని అతడు చెప్పాడట. జనం నేలమాళిగలు తవ్వుకున్నారట. తీరా ఆ రాత్రి మినారు మీద పెట్టిన దీపం కూడా ఆరనంత నిశ్చలంగా ఉందని, ఆ ఏడు కళ్లాల్లో ధాన్యం తూర్పారబట్టడానికి కూడా గాలి కరువైందని కథ చెబుతారు. కవిగారి నోట మాట రాలేదని వేరే చెప్పాలా!

1962 ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు అష్టగ్రహ కూటమి అని మన దేశమంతా హడలిపోయిన సంగతి పెద్దలకు గుర్తుంటుంది. ఆ మూడు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఇది మన దేశపు మూఢత్వం మాత్రమే అనుకోకండి. 1982లో గ్రహాలు సూర్యుడికి ఒక పక్కకు చేరినప్పుడు కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం రావచ్చని ఇద్దరు పాశ్చాత్య రచయితలు 1974లో ఒక పుస్తకమే వేశారు. అదీ జరగలేదు.

టర్కీ భూకంపానికి మూడు రోజుల ముందు ఫ్రాంక్ హూగర్‌బీట్స్ అనే డచ్చి దేశస్థుడు గ్రహాల లెక్కతో అది వస్తుందని చెప్పాడు కదా అని కొందరు అడుగుతారు. అతడు రాసింది, ఆ ప్రాంతంలో ఎప్పుడో ఒకప్పుడు 7.5 తీవ్రతతో భూకంపం వస్తుందని. తేదీ లేదు. అక్కడ నేలలో పెద్ద పగులు ఉందని, అది కదులుతుందని భూగర్భ శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. ఏడాదికి సగటున ప్రపంచంలో 7కు మించిన భూకంపాలు పదిహేను దాకా వస్తాయి. నెల తిరక్కుండా ఎక్కడో ఒకచోట ఎవరి జోస్యమో ఫలిస్తుంది.

మా మదర్సా చదువుల్లో గ్రహాల గమనాన్ని లెక్కగట్టే ఇల్మె హైఅత్ వేరు, వాటి నుంచి మనుషుల మంచిచెడ్డలు చెప్పే ఇల్మె నుజూమ్ వేరు. మొదటిది నేర్చుకోమన్నారు, రెండోదాన్ని దూరంగా ఉంచమన్నారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. జనం రెండింటికీ ముడిపెట్టారు. కన్నబిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలో కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు, రెండింటికీ సంబంధం లేదని అందరి ముందూ చెప్పారు. అల్లాహ్ ఆజ్ఞ లేకుండా ఆకు కూడా రాలదని నమ్మే మనం, ఆ ఆజ్ఞ ఫలానా తేదీకని ఫోన్లో చదివి నమ్మడం ఎలా పొసుగుతుంది?

అలాగని మనకు భయమే లేదని కాదు. కిల్లారి మన అమీన్‌పూర్‌కు సుమారు రెండు వందల కిలోమీటర్లే. 1993లో ఆ ప్రాంతం భూకంప పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. అక్కడ మనుషుల్ని చంపింది మట్టితో పేర్చిన లావాటి రాతిగోడలు. 2001లో భుజ్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో అపార్టుమెంట్లు కూలి వందల మంది పోయారు. వాటిలో చాలావాటికి కింద పార్కింగు కోసం గోడల్లేకుండా వట్టి పిల్లర్ల మీద వదిలిన అంతస్తు ఉంది. పటాన్‌చెరు నుంచి బీరంగూడ, అమీన్‌పూర్ దాకా ఈ ఇరవై ఏళ్లలో లేచిన ఇళ్లను ఒకసారి అలా నడుస్తూ చూడండి. ఎన్ని ఇళ్లు అచ్చం అలాగే నిలబడి ఉన్నాయో తెలుస్తుంది. చెరువు శిఖంలో మట్టి పోసి చదును చేసిన చోట కట్టినవైతే మరీ కష్టం, మెత్తటి నేల అదురును పెంచుతుంది, బండ మీది ఇంటికి ఆ బాధ తక్కువ.

ఇల్లు కడుతున్నవారు మేస్త్రీని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లరు సలాకల చుట్టూ వేసే రింగులు దగ్గరదగ్గరగా, ముఖ్యంగా పిల్లరు బీముతో కలిసేచోట, వేస్తున్నాడా? రింగు కొసలను ఊరికే మడిచి వదిలేయకుండా కాంక్రీటు లోపలికి వంచుతున్నాడా? పార్కింగు అంతస్తులో కొన్నిచోట్లయినా కింద నుంచి పై దాకా కాంక్రీటు గోడ పెట్టమని ఇంజనీరు చెప్పాడా, లేక ఇంజనీరే లేడా? కట్టిన ఇంట్లో ఉన్నవారు మేడ మీద నీళ్ల ట్యాంకు దిమ్మెకు పగుళ్లున్నాయేమో చూడాలి, పడకల తలాపున బరువైన అల్మారా ఉంటే గోడకు బిగించాలి. రింగులకు అదనంగా పట్టే ఇనుము ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో చాలా తక్కువ, కాకపోతే స్లాబు పోయకముందే అడగాలి.