పడవ యంత్రములో కార్బురేటరు లోపములు

విప్పి బాగుచేసి తిరిగి బిగించిన పెట్రోలు యంత్రము ఒడ్డున చక్కగా తిరిగి, నడియేటిలో ఆగిపోవుట కలదు. స్పార్కు ప్లగ్గు సరిగా పనిచేయుచున్నచో, తరచుగా లోపము కార్బురేటరులో ఉండును.

ఇరుకైన గొంతు గుండా పోవునప్పుడు గాలికి వేగము హెచ్చి, పీడనము తగ్గును. 1738లో డేనియల్ బెర్నౌలీ ప్రకటించిన సూత్రమిదే. అందుచే తొట్టెలోని పెట్రోలు సన్నని రంధ్రము ద్వారా పైకెగసి, తుంపరలై గాలిలో కలియును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో సుమారు 15 పాళ్లు గాలి కావలెను.

చోకు మూసినప్పుడే యంత్రము తిరుగుచున్నచో, పెట్రోలు చాలుట లేదన్నమాట. నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి రంధ్రమును పూడ్చియుండవచ్చును. లేదా సరిగా బిగియని అతుకులో నుండి గాలి చొరబడుచుండవచ్చును. నల్లని పొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువైనది. తొట్టెలో తేలవలసిన ఫ్లోటు చిల్లిపడి మునిగినదా, సూది కవాటము సరిగా మూసుకొనుచున్నదా చూడవలెను. తొట్టె అడుగున నీరు చేరినను యంత్రము ఆగును. నీరు పెట్రోలుకన్న బరువు గదా! రంధ్రమును తీగతో పొడువరాదు. అది వెడల్పైనచో పాళ్లు మారిపోవును.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. కారులో అది క్రిందికి జారి గాలిలో కలిసిపోవును. పడవలో అడుగుననే నిలిచియుండును. ఒక్క నిప్పురవ్వ చాలును. కావున ఒలికిన పెట్రోలు తుడిచి, అడుగుభాగమునకు బాగుగా గాలి ఆడనిచ్చిన పిమ్మటనే యంత్రమును నడపవలెను.